ఆటోక్యాడ్ నేర్చుకుందాం – 9వ పాఠం: డ్యాష్డ్ లైన్ నిండు గీతలా ఎందుకు కనిపిస్తోంది?

పోయిన పాఠంలో ఇంటి ప్లానులో లేయర్లు (ఒక్కో రకం గీతలని విడిగా ఉంచే పొరలు) పెట్టుకుని డ్రైనేజీ పైపుకీ, కిటికీల పైన సన్‌షేడ్‌కీ డ్యాష్డ్ లైన్‌టైప్, అంటే ముక్కముక్కలుగా తెగి కనిపించే గీత, ఇచ్చాం. చాలామందికి అక్కడే అనుమానం వచ్చి ఉంటుంది. ప్రాపర్టీస్‌లో చూస్తే డ్యాష్డ్ అనే ఉంది, తెర మీద మాత్రం గీత ఎక్కడా తెగకుండా నిండుగా ఉంది. లేయర్‌ని చెరిపి మళ్లీ పెట్టే పని పెట్టుకోకండి, తప్పు అక్కడ లేదు.

ఆటోక్యాడ్ లైన్‌టైప్‌లన్నీ మామూలు టెక్స్ట్ ఫైల్‌లో ఉంటాయి. మిల్లీమీటర్ల డ్రాయింగుకి వాడేది ఏక్యాడ్‌ఐఎస్ఓ.లిన్. నోట్‌ప్యాడ్‌లో తెరిచి డ్యాష్డ్ కోసం వెతికితే 12.7, -6.35 అని రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది గీసే ముక్క పొడవు, మైనస్ ఉన్నది వదిలే ఖాళీ. రెండూ కలిపి 19.05.

ఇప్పుడు మన ప్లాను చూడండి. 30 × 60 అడుగుల స్థలం, 200 గజాలు. వెనక బాత్‌రూమ్ నుంచి రోడ్డుదాకా పైపు 60 అడుగులు, అంటే 18,288 మిల్లీమీటర్లు. ఆ పొడవులో 19.05 సరిగ్గా 960 సార్లు పడుతుంది. 1920 పిక్సెళ్ల మానిటర్ నిండా ఆ గీతే పరిచినా ఒక్కో ముక్కకీ, దాని పక్క ఖాళీకీ కలిపి దక్కేది 2 పిక్సెళ్లు. 1:100లో ప్రింట్ తీస్తే ఖాళీ 0.06 మిల్లీమీటర్లు, పెన్ను మందం 0.25. ఇంకు ఆ ఖాళీని మూసేస్తుంది. డ్యాష్‌లు ఉన్నాయి, కంటికి ఆనడం లేదంతే.

వాటిని సాగదీసే కమాండ్ ఎల్‌టీస్కేల్. డ్రాయింగులో ఉన్న ప్రతి లైన్‌టైప్‌నీ ఇది ఒకే అంకెతో గుణిస్తుంది. ఆఫీసుల్లో సాధారణంగా జరిగేది ఏమిటంటే, 10 కొడతారు, కుదరకపోతే 20, ఆ తర్వాత 50, కంటికి బాగుందనిపించేదాకా. నాకు ఈ పద్ధతి నచ్చదు. కంటికి బాగుండడం అప్పుడు మీరు ఎంత జూమ్‌లో ఉన్నారన్న దాని మీద ఉంటుంది, కాగితానికి మీ జూమ్‌తో పని లేదు. ముందు కాగితం మీద ముక్క ఎంత ఉండాలో అనుకోండి. ఇంటి ప్లానుకి 3 మిల్లీమీటర్ల చిల్లర చక్కగా ఉంటుంది. 12.7లో నాలుగో వంతు 3.175. ప్రింట్ 1:100 కాబట్టి 0.25ని 100తో గుణిస్తే 25. కమాండ్ లైన్‌లో ఎల్‌టీస్కేల్ అని కొట్టి ఎంటర్, 25 కొట్టి ఎంటర్. పైపు డ్యాష్‌లుగా తెగుతుంది.

అంకె మరీ పెద్దదైనా ఇదే జబ్బు. 1000 కొట్టి చూడండి. ఒక ముక్కా ఒక ఖాళీ కలిపి 19,050 అవుతాయి, పైపు పొడవేమో 18,288. ప్యాటర్న్ ఒక్కసారి కూడా పట్టదు కాబట్టి ఆటోక్యాడ్ నిండు గీత గీసేస్తుంది. ఏది చిన్నదో ఏది పెద్దదో తేల్చుకోవాలంటే బాగా దగ్గరికి జూమ్ చేసి రీజెన్ (తెర మీది డ్రాయింగుని మళ్లీ గీయించే కమాండ్) కొట్టండి. సన్న ముక్కలు బయటపడితే స్కేల్ చిన్నది. అప్పటికీ నిండుగానే ఉంటే పెద్దది.

25 పెట్టాక కూడా సన్‌షేడ్ పక్క గీతలు మొండికేస్తాయి. సన్‌షేడ్ బయటికి 450 మిల్లీమీటర్లు వచ్చింది, ప్యాటర్న్ ఇప్పుడు 19.05 × 25, అంటే 476.25. ఇలాంటి పొట్టి గీతల కోసం మొత్తం డ్రాయింగు స్కేల్ మార్చకండి. సన్‌షేడ్ గీతలు మాత్రం సెలెక్ట్ చేసి, కంట్రోల్ 1 నొక్కి, ప్రాపర్టీస్‌లో లైన్‌టైప్ స్కేల్ 0.5 ఇవ్వండి. ఈ 0.5 ఆ 25తో గుణించుకుని 12.5 అవుతుంది, పక్క గీతలు కూడా తెగుతాయి. సీఈఎల్‌టీస్కేల్ అని ఇంకో కమాండ్ ఉంది, ఇకపై గీసే వాటికి ముందుగానే ఈ స్కేల్ ఇచ్చేస్తుంది. తిరిగి 1కి మార్చడం మరిచిపోతే ఆ తర్వాత గీసినవన్నీ తేడాగా వస్తాయి. కొత్తవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

సన్‌షేడ్‌ని పాలీలైన్‌తో (మూలలన్నీ కలిపి ఒకే వస్తువుగా ఉండే గీత) గీసినవాళ్లకి ఇంకో దారి ఉంది. పీలైన్‌జెన్ అనే సెట్టింగ్ 0గా ఉంటే ప్రతి మూల దగ్గరా ప్యాటర్న్ మళ్లీ మొదలవుతుంది. 1 చేస్తే మూలలతో సంబంధం లేకుండా సాగిపోతుంది. ముందే గీసినదానికైతే పీఎడిట్ (పాలీలైన్‌ని మార్చే కమాండ్)లో ఎల్‌టైప్ జెన్ ఆన్ చేయాలి. కాకపోతే ఖాళీ సరిగ్గా మూల మీదే పడొచ్చు. డ్యాష్ గీతలు మూలలో ముక్కలతోనే కలవాలని డిప్లొమా డ్రాయింగ్ క్లాసులో చెప్పింది గుర్తుందిగా? అందుకే సన్‌షేడ్‌కి నేను 0.5 పద్ధతే వాడతాను. దగ్గర దగ్గరగా పాయింట్లు ఉండే కాంటూర్లకి (నేల ఎత్తుని చూపే గీతలు) మాత్రం పీలైన్‌జెన్ 1 ఉండాల్సిందే.

ఇక అసలు టెన్షన్ పెట్టేది లేఅవుట్, అంటే ప్రింట్ కాగితాన్ని సిద్ధం చేసుకునే చోటు. మోడల్‌లో (మనం గీసే చోట) చక్కగా ఉన్న డ్యాష్‌లు లేఅవుట్‌కి వెళ్లగానే మాయమవుతాయి. కారణం పీఎస్ఎల్‌టీస్కేల్ అనే సెట్టింగ్. కొత్త డ్రాయింగులో ఇది 1గా ఉంటుంది. అంటే డ్యాష్ పొడవుని కాగితం మిల్లీమీటర్లలో లెక్కేస్తుంది. 12.7ని 25తో గుణిస్తే 317.5, ఏ3 కాగితం వెడల్పే 297! దీన్ని 0 చేస్తే 1:100 వ్యూపోర్ట్‌లో (లేఅవుట్‌లో మోడల్‌ని చూపే కిటికీ) సరిపోతుంది, కానీ అదే షీట్‌లో 1:20 డిటెయిల్ పెడితే అక్కడ ముక్క 15.9 మిల్లీమీటర్లు అవుతుంది. కాబట్టి 1గానే ఉంచి ఎల్‌టీస్కేల్‌ని 0.25 చేయండి. వ్యూపోర్ట్ ఏ స్కేల్‌లో ఉన్నా ముక్క 3.175గానే వస్తుంది.

మరి మోడల్‌లో మళ్లీ నిండు గీత రాదా? ఎంఎస్ఎల్‌టీస్కేల్ 1గా ఉంటే రాదు. ఆటోక్యాడ్ 2008లో వచ్చిన సెట్టింగ్ ఇది, మోడల్‌లో డ్యాష్‌లని అనోటేషన్ స్కేల్‌తో (ప్రింట్ ఏ స్కేల్‌లో ఉంటుందో మనం చెప్పే అంకె) గుణిస్తుంది. కింద స్టేటస్ బార్‌లో అనోటేషన్ స్కేల్ 1:100 పెట్టండి. 0.25 మళ్లీ 25లా పనిచేస్తుంది. 2008కి ముందు గీసిన ఫైళ్లలో ఇది 0గా ఉంటుంది, మీరే మార్చుకోవాలి. ఇవన్నీ మార్చాక రీజెన్‌ఆల్ కొట్టండి, లేకపోతే వ్యూపోర్ట్‌లలో పాత రూపమే కనిపిస్తుంటుంది.

ఇంత చేసినా డ్యాష్‌లు పాతిక రెట్లు చిన్నగా ఉంటే, మీరు అంగుళాల టెంప్లేట్‌తో మొదలుపెట్టారన్నమాట. అందులో డ్యాష్డ్ 12.7 కాదు, 0.5. మెజర్‌మెంట్ అని కొట్టి 1 చేసి, లైన్‌టైప్ మేనేజర్‌లో లోడ్ నొక్కి డ్యాష్డ్‌ని ఏక్యాడ్‌ఐఎస్ఓ.లిన్ నుంచి మళ్లీ లోడ్ చేయండి.

అభ్యాసం: ఏ3 లేఅవుట్‌లో రెండు వ్యూపోర్ట్‌లు పెట్టండి. ఒకటి మొత్తం ప్లాను 1:100లో, రెండోది పైపు రోడ్డువైపు చివర 1:20లో. ఫిట్ టు పేపర్ తీసేసి 1:1లో ప్రింట్ తీసి, రెండు చోట్లా డ్యాష్ పొడవు స్కేలుతో కొలవండి. రెండూ 3 మిల్లీమీటర్ల పైన కాస్త ఉండాలి. తేడా వస్తే ముందు చూడాల్సింది ఆ లేఅవుట్‌లో పీఎస్ఎల్‌టీస్కేల్ ఎంతుందో.

10వ పాఠంలో పిల్లర్ల గ్రిడ్‌కి సెంటర్ లైన్లు గీద్దాం.