ఈబీ ఉన్న పిల్లలకు ఎండాకాలం జాగ్రత్తలు: అన్నిటికంటే ముందు టేపు

పోయిన వారం ఒక తల్లి ఏడుస్తూ ఫోన్ చేసింది. 14 నెలల బాబుకు ఈబీ అనే చర్మపు జబ్బు ఉందని అప్పుడే తేలింది. జ్వరమొస్తే సెలైన్ పెట్టారు, సూది కదలకుండా మామూలు టేపు వేశారు. తీసేటప్పుడు టేపుతో పాటు మణికట్టు మీది చర్మం ఊడి వచ్చింది. మా పాపకూ చిన్నప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. అందుకే ఎండలు ముదరకముందే ఇది రాస్తున్నాను.

ఈబీ అంటే ఎపిడెర్మోలిసిస్ బులోసా, ఇది జన్యులోపం. చర్మం పొరలను కలిపి ఉంచే ప్రొటీన్లు సరిగా ఉండవు. కొద్దిగా రాపిడి తగిలినా పొరలు విడిపోయి, మధ్యలో నీరు చేరి బొబ్బ లేస్తుంది. అంటుకునే జబ్బు కాదు. వేడికి, చెమటకు బొబ్బలు పెరుగుతాయి. ఈబీలో సింప్లెక్స్ అనే రకంలో ముఖ్యంగా అరికాళ్లకు, అరచేతులకు.

టేపు గురించి

జిగురున్నది ఏదీ బిడ్డ ఒంటి మీద వేయనివ్వకండి. ప్లాస్టర్ వద్దు, మామూలు టేపు వద్దు, ఈసీజీకి అంటించే బిళ్లలు వద్దు. సెలైన్ వద్దని కాదు, అవసరమైతే పెట్టాల్సిందే. సూదిని చర్మానికి గట్టిగా అంటుకోని సిలికాన్ టేపుతోనో, జిగురు లేని బ్యాండేజీ చుట్టో నిలపమని అడగండి. పొరపాటున అంటిస్తే లాగకండి, ఎవరినీ లాగనివ్వకండి. టేపు వదిలించే సిలికాన్ స్ప్రే వాడాలి. అది లేకపోతే వాజిలీన్ బాగా పట్టించి, అదే వదిలేదాకా ఆగాలి. అరగంట పట్టినా సరే. నర్సు తొందరపెట్టినా సరే.

బొబ్బల గురించి

మామూలు బొబ్బను గుచ్చకూడదని పెద్దలంటారు. ఈబీ బొబ్బ వేరు. వదిలేస్తే లోపలి నీటి ఒత్తిడికి పక్కలకు పాకుతుంది. స్టెరైల్ సూదితో కింది అంచున గుచ్చి నీరు పోనివ్వాలి. పైచర్మం మాత్రం కత్తిరించకూడదు, పుండుకు అదే కప్పు. మొదటిసారి డాక్టరు దగ్గర చూసి నేర్చుకున్నాకే ఇంట్లో చేయండి.

ఇక మిగిలినవి

చంకల కింద చేతులు పెట్టి ఎత్తకండి. ఒక చెయ్యి పిరుదుల కింద, ఒక చెయ్యి మెడ వెనక. బట్టలు తిరగేసి తొడగండి, కుట్లు బయటికి రావాలి. లేబుళ్లు కత్తిరించేయండి. డైపర్ అంచుల్లో ఎలాస్టిక్ తీసేయండి. స్నానం చేయించాక రుద్ది తుడవకండి, అద్దండి. పుండుకు నీళ్లు తగిలి మండుతుంటే 10 లీటర్ల నీటికి 90 గ్రాముల ఉప్పు కలపండి, మంట తగ్గుతుంది. కారు సీటు ఎండకు కాలి ఉంటుంది, చేత్తో చూశాకే కూర్చోబెట్టండి. బీపీ పట్టీ కింద మెత్తటి గుడ్డ చుట్టించండి. పుండు వాసన వచ్చినా, చుట్టూ ఎర్రబడినా, జ్వరం వచ్చినా అదే రోజు ఆస్పత్రికి. "ఈ బిడ్డకు ఈబీ, టేపు వేయకండి" అని పెద్ద అక్షరాలతో రాసిన కాగితం సంచిలో ఎప్పుడూ ఉండాలి. టెన్షన్‌లో నోరు పెగలదు, కాగితం చూపించండి.

ఇంట్లో ప్లాస్టర్ల డబ్బా ఉంటే ఈ రోజే తీసేయండి. మీరు లేనప్పుడు బిడ్డ పడితే, ప్రేమ కొద్దీ ఎవరో ఒకరు తెచ్చి అంటించేది దాన్నే.