గెఫీలో గ్రాఫ్ తేడాగా వస్తోందా? ముందు ఐడీ కాలమ్ చూడండి

గెఫీలో (నెట్‌వర్క్‌లను గ్రాఫ్‌గా గీసే సాఫ్ట్‌వేర్) బొమ్మ సరిగా రాకపోతే చాలామంది లేఅవుట్‌తోనే, అంటే బొమ్మలోని అమరికతోనే కుస్తీ పడతారు. నేను చూసినంతలో తప్పు ఎక్కువగా సీఎస్‌వీ ఫైల్లోనే (డేటా పట్టిక) ఉంటుంది. ఇక్కడ రెండు ఫైళ్ల గురించి మాట్లాడుతున్నాం: నోడ్స్ (గ్రాఫ్‌లోని చుక్కలు), ఎడ్జెస్ (వాటిని కలిపే గీతలు). ఐడీ అంటే ఒక్కో నోడ్‌కి ఉండే గుర్తింపు.

సమస్య: నోడ్స్ లెక్క పెరిగింది, సగం నోడ్స్‌కి పేర్లు లేవు

కుడివైపు పైన కాంటెక్స్ట్ ప్యానెల్‌లో నోడ్స్ సంఖ్య చూడండి. నోడ్స్ ఫైల్లో 180 వరుసలుంటే అక్కడ 207 కనిపిస్తోందనుకుందాం. ఆ అదనపు 27 ఎడ్జెస్ ఫైల్ నుంచి వచ్చినవే. గెఫీ ఐడీని అక్షరాలుగా చదువుతుంది కాబట్టి దానికి '007' వేరు, '7' వేరు. ఎడ్జెస్ ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. అప్పుడు సోర్స్, టార్గెట్ కాలమ్స్‌లో (గీత మొదలయ్యే, చేరే నోడ్స్ ఐడీలు) ఉన్న '7'కి జోడీ దొరకదు. దాంతో గెఫీ లేబుల్ లేని కొత్త నోడ్ పుట్టిస్తుంది.

రెండు ఫైళ్లలోనూ ఐడీలు ఒకేలా ఉండేట్టు సరిచేసి, కొత్త వర్క్‌స్పేస్‌లో మళ్లీ ఇంపోర్ట్ చేయండి. ఎడ్జెస్ ఫైల్ ఎక్కించేటప్పుడు 'క్రియేట్ మిస్సింగ్ నోడ్స్' టిక్ తీసేస్తే ఇలాంటి తప్పు దాక్కోదు. నేనైతే ఎప్పుడూ తీసేస్తాను.

అసలు ఏ నోడ్‌కీ పేరు లేకపోతే కారణం ఇంకొకటి: ఎడ్జెస్ వేరే వర్క్‌స్పేస్‌లోకి వెళ్లాయి. ఇంపోర్ట్ చివరి స్క్రీన్‌లో 'అపెండ్ టు ఎగ్జిస్టింగ్ వర్క్‌స్పేస్' ఎంచుకోవాలి. అది మర్చిపోవడం చాలా తేలిక.

సమస్య: అక్షరాల బదులు పిచ్చి గుర్తులు

ఫైల్‌ని యూటీఎఫ్-8లో (తెలుగు లాంటి లిపులకీ పనిచేసే అక్షర కోడింగ్) సేవ్ చేసి, ఇంపోర్ట్ స్క్రీన్‌లో కూడా అదే ఎంచుకోండి.

సమస్య: అంతా చిక్కుపడ్డ దారపు ఉండలా ఉంది

ఫోర్స్‌అట్లాస్2 (నోడ్స్‌ని అమర్చే ఒక లేఅవుట్) తనంతట తాను ఆగదు. కాసేపు నడవనిచ్చి, నోడ్స్ కుదురుకున్నాక స్టాప్ నొక్కండి. ఇరుకుగా ఉంటే స్కేలింగ్ పెంచండి. గుంపులు విడివిడిగా కావాలంటే అందులోనే ఉన్న లిన్‌లాగ్ మోడ్ పెట్టండి. 'ప్రివెంట్ ఓవర్‌ల్యాప్' మాత్రం చివర్లోనే, మొదట్లో పెడితే నోడ్స్ ఒకదాన్నొకటి దాటలేక ఇరుక్కుపోతాయి. ఇంత చేసినా విడిపోకపోతే డిగ్రీ రేంజ్ ఫిల్టర్‌తో తక్కువ లింకులున్న నోడ్స్ పక్కన పెట్టి చూడండి.

సమస్య: మాడ్యులారిటీ (గుంపులను కనిపెట్టే లెక్క) రన్ చేసిన ప్రతిసారీ గుంపులు మారుతున్నాయి

టెన్షన్ వద్దు, మీ డేటా పాడవలేదు. 'రాండమైజ్' టిక్ ఉంటే ప్రతి రన్‌లో నోడ్స్‌ని పరిశీలించే క్రమం మారుతుంది, గుంపుల అంచుల్లో ఉన్న నోడ్స్ అటూ ఇటూ దూకుతాయి. గుంపులు మరీ తక్కువగా ఉంటే రిజల్యూషన్‌ని 1.0 కంటే తగ్గించండి. ఎన్ని రన్‌లు చేసినా ఒకే గుంపులో ఉండే నోడ్స్ మీదే మీ విశ్లేషణ నిలపండి.