ఊరి జానపద పాటల పండగకు ముందు జాగ్రత్తలు

వేదిక కట్టే రోజు దగ్గరపడింది కదా, ముందు వీటి సంగతి చూడండి.

కరెంటు: తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి ఇనుప మైకు పట్టుకునే గాయకుడికి లీకేజీ తగిలితే ప్రాణం మీదకొస్తుంది. జనరేటర్‌కు ఎర్తింగ్, వేదిక లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉండాలి. ‘ఉందండీ’ అంటే నమ్మకండి, టెస్ట్ బటన్ నొక్కి స్విచ్ పడి కరెంటు ఆగుతుందో లేదో మీరే చూడండి. వైరు అతుకులు నేల మీద వదలొద్దు.

జనరేటర్ డేరాకు, గదులకు దూరంగా ఉండాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసనే ఉండదు.

వేదిక వెనక ఫ్లెక్సీ గాలికి తెరచాపలా ఉబ్బి స్తంభాల్నే లాగేస్తుంది. గాలి పెరిగితే దాన్ని దింపేదెవరో ఇప్పుడే తేల్చుకోండి.

తోలు వాద్యాలు: రాత్రి తేమకు తోలు సాగి మోత మందగిస్తుంది. వంతుకు ముందు సెగ చూపి బిగించుకోవడానికి కాస్త టైమివ్వండి. నిప్పు సెగ మరీ ఎక్కువైతే తోలు చిట్లుతుంది.

డప్పుకి మైకు వద్దు. అసలే గొంతు వినబడక చస్తున్నాం!

పెద్ద వయసు గాయకుల్ని ముందే పాడించండి. అర్ధరాత్రికి గొంతూ ఉండదు, వినే జనమూ ఉండరు.

రికార్డింగ్ చేస్తుంటే పాడేవాళ్ళని ముందే అడగండి, తర్వాత గొడవలుండవు.