కోళ్ల గూటిలో పేలు, పిడుదులు పడితే ఏం చేయాలి?

కోడి తురాయి పాలిపోయి, గుడ్లు తగ్గి, సాయంత్రమైనా గూటిలోకి వెళ్లనని మొరాయిస్తుంటే లోపల రక్తం పీల్చే పురుగు ఉందేమోనని అనుమానించాలి. మన చిత్తూరు, తిరుపతి పల్లెల్లో చాలామంది వెంటనే వేరుశనగకు కొట్టగా మిగిలిన మందు తీస్తారు. ఆ డబ్బాను ముందు అటక మీద పెట్టేయండి. పురుగు ఎక్కడ ఉంటోందో తెలియకుండా కొట్టే మందు కోడికీ, గుడ్డు తినే పిల్లలకూ చేరుతుంది తప్ప పురుగుకు తగలదు.

ముందుగా కోడిని పగలు ఒకసారి, రాత్రి ఒకసారి చూడండి. పగలు తోక కింద ఈకలు విడదీస్తే గోధుమరంగు పేలు పరుగెత్తుతాయి, ఈకల మొదళ్లలో తెల్లటి గుడ్లు గుత్తులుగా అంటుకుని ఉంటాయి. పేలు కోడి ఒంటి మీదే బతుకుతాయి. పిడుదులు, ఎర్రటి సన్న పురుగులు అలా కాదు. అవి పగలంతా గూటి పగుళ్లలో, చెక్కల సందుల్లో దాక్కుని రాత్రి మాత్రమే కోడి మీదికి ఎక్కుతాయి. అందుకే చీకటి పడ్డాక టార్చి వేసి కోళ్లు కూర్చునే కర్ర అడుగున చూడాలి.

పేలకైతే పశువైద్యుడు చెప్పిన పొడిని ఈకల లోపలికి అంటేలా చల్లండి. గుడ్లు చావవు కాబట్టి పది, పద్నాలుగు రోజుల మధ్య మళ్లీ వేయాలి. ఈ రెండోసారి చాలామంది మానేస్తారు, పేలు తిరిగొచ్చేది అందుకే. నీడలో ఒక గుంటలో పొడి ఇసుక, జల్లించిన కట్టెల బూడిద పోస్తే కోళ్లే పొర్లాడి కొంత వదిలించుకుంటాయి. బూడిద తడవకూడదు, తడిస్తే చర్మం మండుతుంది.

పిడుదులకు గూటినే బాగుచేయాలి. చెత్త, పాత గడ్డి తీసి కాల్చేయండి. పగుళ్లలో మరిగే నీళ్లు పోసి, ఆరాక సిమెంటుతో పూడ్చి, సున్నం కొట్టండి. కోళ్లు ఆ పూట బయటే ఉండాలి. గూడు కొన్నాళ్లు ఖాళీగా ఉంచితే చస్తాయని నమ్మకండి: పిడుదు తిండి లేకుండా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి బతుకుతుంది. పైగా కోళ్లకు జ్వరం తెచ్చే స్పైరోకీటోసిస్‌ను మోసుకొస్తుంది.

ఈగలకు తడి పెంట కావాలి. ఎండాకాలంలో గుడ్డు నుంచి ఈగ కావడానికి వారం, పది రోజులు చాలు. కాబట్టి వారానికి రెండుసార్లు పెంట ఎత్తి ఎండబెట్టండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానల్లో గూటి కప్పు కారకుండా చూడటమే సగం పని. దోమలు కోళ్లకు మశూచి అంటిస్తాయి, కాబట్టి నీళ్ల తొట్టిని వారానికోసారైనా రుద్ది కడగాలి.

ఇంత చేసినా తగ్గకపోతే నాలుగు పురుగులను సీసాలో వేసుకుని దగ్గరి పశువైద్యశాలకు వెళ్లండి. తిరుపతిలో పశువైద్య కళాశాల కూడా ఉంది. మందు డబ్బా మీది త్రికోణం రంగు గమనించండి: ఎరుపు అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉన్నంత మాత్రాన కోడి మీద చల్లవచ్చని కాదు, లేబుల్‌పై కోళ్లకని రాసి ఉండాలి. చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. మందు వేశాక గుడ్లు, మాంసం ఎన్ని రోజులు తినకూడదో వైద్యుణ్ణి అడిగి, ఆ తేదీ గూటి తలుపు మీద సుద్దతో రాసిపెట్టండి.