రాజకీయాల ఇంట్లో పుట్టి కథలు రాయాలంటే

ముందే చెప్తున్నా, మాది పెద్ద ఫ్యామిలీ ఏం కాదు. తాత సర్పంచ్, నాన్న ఎంపీటీసీకి రెండుసార్లు నిలబడి ఒకసారి గెలిచాడు, అంతే. కానీ ఏ స్థాయి అయినా ఇల్లు ఒకేలా ఉంటది, పొద్దున ఆరింటికే వరండాలో పదిమంది కూర్చుని ఉంటారు, మనం నోట్లో బ్రష్ పెట్టుకుని వాళ్ళ మధ్యలోంచే నడిచిపోవాలి.

ఇలాంటి ఇంట్లోంచి వచ్చి రాద్దామనుకునేవాళ్ళు మొదట ఎలక్షన్ గురించి రాస్తారు. నేనూ అదే చేశా, మైకు, కండువాలు, డబ్బు పంపకం, అన్నీ సినిమాల్లో చూసేసినవే. దాన్ని పక్కన పెట్టి రిజల్ట్ వచ్చిన రోజు ఇల్లు ఎలా ఉందో రాయండి. నాన్న ఓడిపోయిన రోజు సాయంత్రం వస్తానన్న టెంట్ హౌస్ అతను మధ్యాహ్నమే వచ్చి కుర్చీలు ఎత్తుకెళ్ళాడు, నలభై మందికి కలిపిన పులిహోర గంగాళంలో అలాగే ఉండిపోయింది, అమ్మ దాని మీద మూత పెట్టి మళ్ళీ తీసి మళ్ళీ పెట్టింది. నా మొదటి కథ అదే.

రెండోది, మనకి మామూలుగా అనిపించే రూల్స్ బయటివాళ్ళకి తెలీవు, వాటిని వాడుకోండి. సర్పంచ్ ఎన్నికకి పార్టీ గుర్తులుండవు, ఉంగరం, కత్తెర లాంటివి ఇస్తారు, అయినా ఉంగరం ఎవరిదో ఊళ్ళో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. 1993లో 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చాక మూడోవంతు సీట్లు ఆడవాళ్ళకిచ్చారు, తర్వాత మన దగ్గర సగం చేశారు, అలా ఒకసారి మా పెద్దమ్మ సర్పంచ్ అయింది. మీటింగులకి పెదనాన్నే వెళ్ళేవాడనుకోండి. కానీ ఆమె పాల లెక్కల నోట్‌బుక్ వెనక పేజీల్లో సంతకం ప్రాక్టీస్ చేసేది, చివరి అక్షరం కిందకి లాగి ఒక గీత. ఆ పేజీ చూస్తే చాలు, క్యారెక్టర్ దొరికినట్టే.

అసలు కష్టం అవతలి వర్గంతో. చిన్నప్పట్నుంచీ వాళ్ళని తిట్టడమే విన్నాం కాబట్టి కథలో విలన్లయిపోతారు. నేనైతే ఒక డ్రాఫ్ట్ మొత్తం వాళ్ళింటి వంటగదిలోంచి రాస్తా, అక్కడా అదే పులిహోర ఉంటది కదా.

ఇంగ్లీషులో నవలలు రాసిన నయనతార సెహగల్ నెహ్రూ చెల్లెలు విజయలక్ష్మి పండిట్ కూతురు, ఇందిరాగాంధీ ఆమెకి మేనమామ కూతురు, మన వరసల్లో చెప్పాలంటే వదిన. ఆ వదిన పెట్టిన ఎమర్జెన్సీ మీదే నవల రాస్తే దానికి 1986లో సాహిత్య అకాడమీ అవార్డొచ్చింది. మనం మండలం లెవెల్లో భయపడిపోతుంటాం!

పేర్లు మారిస్తే సరిపోదు. బండి, ఊతపదం, ఎన్ని ఓట్లతో ఓడాడు, ఇవన్నీ మార్చండి, ముఖ్యంగా ఓట్లు, ఎందుకంటే ఊళ్ళో మనిషిని ఆ నంబర్‌తోనే గుర్తుపడతారు. నేను పదిహేడు అని ఉన్నదున్నట్టు రాసేశా, ఒక బంధువు రెండేళ్ళు మాట్లాడలేదు.

అచ్చయ్యేదాకా ఇంట్లో చూపించకండి, చూపిస్తే వరండాలో పంచాయితీ పెడతారు. నాన్న నా కథ మ్యాగజైన్‌లో చదివి చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఆ రోజు చేసింది పులిహోర కాదురా, దద్దోజనం" అన్నాడు. అమ్మని అడిగితే నాకేం గుర్తులేదు పో అంది. పుస్తకంలో వేసినప్పుడు కూడా పులిహోరే ఉంచా.