గోదారి లంకల్లో ఉన్నవాళ్ళు భద్రాచలం లెక్క చూసి కదలండి

జూలై వచ్చిందంటే లంకల్లో అందరి చెవులూ భద్రాచలం వైపే ఉంటాయి. ఎగువన అక్కడ గోదారి మట్టం 43 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. దిగువన ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఇవే హెచ్చరికలు 10, 13, 17 లక్షల క్యూసెక్కుల ప్రవాహానికి ఇస్తారు. మనవాళ్ళు చాలామంది ధవళేశ్వరం రెండో హెచ్చరిక దాకా ఆగుతారు, అప్పటికి కాజ్‌వే మునిగిపోయి ఉంటుంది, బెదిరిన గేదెని పడవ ఎక్కించడం ఎంత నరకమో ఎక్కించినవాళ్ళకే తెలుసు. భద్రాచలంలో రెండోది ఇవ్వగానే పశువుల్ని ఏటిగట్టు మీదకి తోలేయండి. వరద రాకపోతే నాలుగు రోజులు గడ్డి మోసిన కష్టమే కదా పోయేది.

గట్టు ఊళ్ళని కాపాడుతుంది కానీ లంకలు గట్టుకి లోపల, ఏటి మధ్యలో ఉన్నాయి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది, 2022 జూలైలో 71 దాటింది. అయినా లంకలు వదిలి జనం పోరు, ఎందుకంటే ఒండ్రు నేల, అరటి, కంద, కూరగాయలు, పాడి, అన్నీ అక్కడే. కాబట్టి ప్రాణాలతో పాటు బతుకుతెరువునీ ముందే సర్దుకోవాలి.

పశువులకి గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకి ముందే వేయించండి. ఎండుగడ్డి కొంత గట్టు మీద తెలిసినవాళ్ళ దొడ్లో పెట్టుకోండి, వరదలో గడ్డి రేటు చెప్పక్కర్లేదు. ఏ కారణంచేతైనా పశువు పాకలోనే ఉండిపోతే పలుపు మాత్రం విప్పేయండి, కట్టేసి వదిలితే ఈదే అవకాశం కూడా ఉండదు.

అరటి గెలలు పక్వానికి దగ్గరపడితే కాస్త ముందే కొట్టించేయండి. వరద వార్త వచ్చాక అందరూ ఒకేసారి నరికితే రావులపాలెం మార్కెట్లో అడిగేవాడుండడు.

కౌలుకి చేసేవాళ్ళు ఇది గట్టిగా పట్టించుకోండి: కౌలు కార్డు, ఈ-పంట నమోదు (ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునేది) ఇప్పుడే అయిపోవాలి. పంట ఎవరి పేరున నమోదైతే పరిహారం వాళ్ళ ఖాతాకే పోతుంది, తర్వాత పొలం యజమానితో తగువు పెట్టుకుని లాభం లేదు. ఆధార్, బ్యాంకు పుస్తకం, మందులు, టార్చి ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి గుమ్మం దగ్గరే పెట్టుకోండి.

పడవలో లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కొద్దు, పాలు పోయడానికైనా సరే. "రోజూ తిరిగే రేవే కదా" అనుకుంటాం గానీ వరదలో సుడి ఎక్కడ లేస్తుందో ఎవరికీ తెలీదు. పాము కరిస్తే నాటు మందని ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

నీళ్ళు తీశాక బురద కడగడానికి ముందు పడిపోయిన పంటకీ ఇంటికీ ఫోటోలు తీసుకోండి. మునిగిన మోటారుకి మాత్రం ఎలక్ట్రీషియన్ విప్పి ఆరబెట్టేదాకా కరెంటు ఇవ్వకండి.