డీఎన్ఎస్ మెసేజ్ టెస్టుకు అసలు ప్యాకెట్ పెట్టుకోండి

డీఎన్ఎస్ (సైటు పేరుకు ఐపీ అడ్రసు వెతికిపెట్టే వ్యవస్థ) మెసేజ్‌ను మన కోడే తయారుచేసి, మన కోడే చదివితే టెస్టు పాసవుతుంది. కానీ అదే మెసేజ్‌ను బయటి సర్వర్‌కు పంపితే సరైన జవాబు రాకపోవచ్చు. బైట్ల వరుస తయారీలోనూ, చదవడంలోనూ ఒకేలా తప్పితే మన టెస్టులో బయటపడదు మరి. వరంగల్, హన్మకొండల్లో నెట్‌వర్క్ ప్రాజెక్టులు చేస్తున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళకు ఇది పనికొస్తుంది.

వైర్‌షార్క్‌లో (నెట్‌వర్క్ ప్యాకెట్లను పట్టి చూపే టూల్) పోర్టు 53 మీద ఒక డీఎన్ఎస్ ప్రశ్న, దాని జవాబు పట్టి, బైట్లను హెక్స్‌గా టెస్టు ఫైల్లో పెట్టుకోండి. హెడర్ 12 బైట్లు. అందులో 5, 6 బైట్లు ప్రశ్నల సంఖ్య: 00 01 ఉంటే 1 రావాలి, 256 వస్తే వరుస తిరగబడినట్టే. తర్వాత చివరి నుంచి ఒక్కో బైటు కోస్తూ పార్సర్‌కు (మెసేజ్‌ను చదివే మన కోడ్‌కు) ఇవ్వండి. ప్రతిసారీ ఎర్రర్ చెప్పాలి, ప్రోగ్రాం మాత్రం కూలిపోకూడదు. నాకు ఎక్కువ లోపాలు దొరికేది ఇక్కడే.

జవాబును చదివి మళ్ళీ తయారుచేస్తే బైట్లు అచ్చంగా కలవకపోవచ్చు, మెసేజ్‌లో మళ్ళీ వచ్చే పేర్లను కుదించే తీరు వేరుగా ఉండొచ్చు. అక్కడ బైట్లను కాకుండా ఫీల్డులనే (చదివాక వచ్చిన పేరు, సంఖ్య లాంటి విలువలను) పోల్చండి.